వెతుక్కుంటూ వచ్చే గిరాకీ

2008 చివరినాటికి అమెరికాలో ఇళ్ల ధరలు కుప్పకూలాయి. ఇల్లు తాకట్టు పెట్టి పెరట్లో ఈతకొలను కట్టించుకునే మధ్యతరగతి కుటుంబాలకు బ్యాంకులు మొహం చాటేశాయి. వర్జీనియా రాష్ట్రంలో ఇద్దరు భాగస్వాములతో కలిసి ‘రివర్ పూల్స్’ అనే చిన్న కంపెనీ నడుపుతున్న మార్కస్ షెరిడన్‌కు అది గడ్డుకాలం. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన రెడీమేడ్ కొలనులు తెచ్చి, గొయ్యి తవ్వి అమర్చడం వాళ్ల పని. ఆర్డరు ఇచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు. కొత్త బేరాలు రావడం లేదు. ప్రకటనలు గుప్పిద్దామంటే డబ్బు లేదు.

అప్పుడు షెరిడన్ పట్టుకున్న దారి చూడటానికి చాలా మామూలుది. కొనడానికి వచ్చినవాళ్లు అన్నేళ్లుగా తమను ఏమేం అడిగారో గుర్తు చేసుకుని కాగితం మీద పెట్టాడు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ చొప్పున కంపెనీ వెబ్‌సైట్‌లో జవాబులు రాయడం మొదలుపెట్టాడు. మొదట అందుకున్నది అందరూ అడిగే ప్రశ్న, ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న: ఫైబర్‌గ్లాస్ కొలనుకు ఎంతవుతుంది? ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లెవరూ వెబ్‌సైట్‌లో ధర మాట ఎత్తేవారు కాదు. పోటీదారుకు తెలిసిపోతుందని కొందరు, అంకె చూసి బేరం బెదిరిపోతుందని కొందరు. షెరిడన్ ఒక్క అంకె చెప్పి ఊరుకోలేదు. ఏ సైజుకు ఎంత, మట్టిని బట్టి ఎంత తేడా, చుట్టూ గచ్చు వేయిస్తే ఎంత అని విప్పి చెప్పాడు. తర్వాత ఫైబర్‌గ్లాస్ కొలనుల్లో వచ్చే ఇబ్బందుల మీద ఒక పేజీ రాశాడు. ఆపైన రిచ్‌మండ్ నగరంలో మంచి కొలనులు కట్టేవాళ్లెవరో పేర్లతో సహా ఒక జాబితా ఇచ్చాడు. అందులో తన కంపెనీ పేరు లేదు!

సొంత సైట్‌లో పోటీదారుల పేర్లు రాసుకోవడం పిచ్చితనం అనిపించవచ్చు. కానీ రిచ్‌మండ్‌లో ఎవరు బాగా కడతారని గూగుల్‌ని అడిగినవాళ్లు ఆ పేజీ మీదికే వచ్చేవారు. వచ్చాక మిగతా పేజీలూ చదివేవారు. ధర గురించి రాసిన ఆ ఒక్క పేజీ ద్వారా పది లక్షల డాలర్లకు మించి అమ్మకాలు జరిగాయని షెరిడన్ తర్వాత లెక్క తేల్చాడు. ఆ అనుభవంతో ఒక పుస్తకం రాసి, ఉపన్యాసాలు ఇచ్చి, కొలనుల వ్యాపారి కాస్తా మార్కెటింగ్ గురువు అయ్యాడు. గురువుల లెక్కలను కొంచెం తగ్గించి వినడం మంచిదే. అయినా ఆ పద్ధతి పనిచేయడానికి గల కారణం గురువు గొప్పతనంలో లేదు, సెర్చ్ ఇంజిన్ పొట్టలో ఉంది.

మనం గూగుల్‌లో ఏదైనా వెతికినప్పుడు అది ఆ క్షణాన ఇంటర్నెట్ అంతా గాలించి రాదు. గాలింపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. క్రాలర్ అనే ప్రోగ్రాం రాత్రింబవళ్లు ఒక పేజీలోని లింకు పట్టుకుని మరో పేజీకి, అక్కడి నుంచి ఇంకోదానికి పోతూ కనబడ్డ ప్రతి పేజీనీ చదివి పెట్టుకుంటుంది. చదివినదాన్ని లావుపాటి పుస్తకం చివర ఉండే పదసూచిలాగా తిప్పి రాసుకుంటుంది. ఏ పేజీలో ఏ పదాలున్నాయన్నది కాదు, ఏ పదం ఏయే పేజీల్లో ఉందన్నది దాని పట్టిక. మనం నాలుగు మాటలు కొట్టగానే ఆ నాలుగు వరుసలూ తీసి, అన్నిటిలోనూ ఉన్న పేజీలను ముందుకు తెస్తుంది. క్రాలర్‌కు కనబడని పేజీ ఈ పట్టికలోకి ఎక్కదు. పట్టికలో లేని దుకాణం ఎంత మంచిదైనా వెతికేవాడి దృష్టిలో లేనట్టే.

ఇక్కడే చాలా చిన్న వ్యాపారాలు మొదటి అడుగులోనే బోర్లా పడతాయి. ఫలానా చోటికి రావద్దని క్రాలర్లకు చెప్పే పద్ధతి ఒకటుంది. మార్టిన్ కోస్టర్ అనే ఇంజినీరు 1994లో ప్రతిపాదించిన ‘రోబోట్స్’ ఫైలు అది. వర్డ్‌ప్రెస్‌తో సైట్ కట్టేవాళ్లకు సెట్టింగుల్లో సెర్చ్ ఇంజిన్లను దూరంగా ఉంచమనే టిక్కు పెట్టె కూడా కనిపిస్తుంది. సైట్ తయారవుతున్నన్నాళ్లు దాన్ని పెట్టి ఉంచుతారు. ప్రారంభోత్సవం హడావిడిలో తీసేయడం మరిచిపోతారు. ఇక నెలలు గడిచినా ఒక్క మనిషీ రాడు. యజమానేమో గూగుల్ చిన్నవాళ్లను తొక్కేస్తోందని తిట్టుకుంటుంటాడు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అనే ఉచిత సాధనంలో సైట్‌ను నమోదు చేస్తే ఏ పేజీ పట్టికలోకి ఎక్కిందో, ఏది ఎక్కలేదో, ఎందుకు ఎక్కలేదో అదే చెబుతుంది. సైట్‌లోని పేజీల జాబితాను ‘సైట్‌మ్యాప్’ రూపంలో అక్కడ అప్పగించవచ్చు కూడా.

పట్టికలోకి ఎక్కాక అసలు పోటీ మొదలవుతుంది. ఒకే మాట కోటి పేజీల్లో ఉంటే ముందు ఏది చూపాలి? దీనికి తొలి మంచి జవాబుల్లో ఒకటి వెబ్ పుట్టకముందే వచ్చింది. 1972లో కేంబ్రిడ్జికి చెందిన కేరన్ స్పార్క్ జోన్స్ ఒక పరిశోధన పత్రంలో సులువైన సూత్రం చెప్పింది: ఎక్కువ పత్రాల్లో కనిపించే మాటకు విలువ తక్కువ, అరుదుగా కనిపించే మాటకు విలువ ఎక్కువ. ‘చీర’ అన్న మాట లక్షల పేజీల్లో ఉంటుంది కాబట్టి అది ఒక పేజీని మరో పేజీ నుంచి వేరు చేయలేదు. ‘పట్టు అంచు గద్వాల చీరను ఇంట్లో ఉతకొచ్చా’ అన్న ప్రశ్నలో గద్వాల, అంచు, ఉతకడం మూడూ కలిసిన పేజీలు ఎన్నో ఉండవు. అరుదైన మాటలే తూకం వేస్తాయి. ఇప్పటి సెర్చ్ ఇంజిన్లు మాటలతో ఆగకుండా ప్రశ్న భావాన్ని కూడా పట్టుకుంటాయి. 2019లో గూగుల్ తెచ్చిన ‘బెర్ట్’ అలాంటిదే. అయినా ఆ పాత సూత్రం అడుగున ఇంకా పనిచేస్తూనే ఉంది.

చిన్న దుకాణానికి ఇందులో పెద్ద సంగతి ఉంది. ‘చీరలు’ అన్న ఒక్క మాట కోసం పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంతలతో కుస్తీ పట్టడం దండగ. కానీ మనుషులు ఒక్క మాటతో వెతికి ఊరుకోరు. తమకు రోజూ వచ్చే ప్రశ్నల్లో సుమారు 15 శాతం అంతకుముందు ఎప్పుడూ ఎవరూ అడగనివని గూగుల్ పదే పదే చెబుతూ వచ్చింది. పెద్ద సంతలో వస్తువు బొమ్మ, ధర, ‘కొనండి’ అన్న మీట ఉంటాయి. ఉతికే పద్ధతి, జరీ నల్లబడితే ఏం చేయాలో, మగ్గం మీద నేసినదో మిల్లుదో ఎలా కనిపెట్టాలో ఉండవు. అవి తెలిసింది ఆ చీర అమ్మేవాడికి, నేసేవాడికి. షెరిడన్ ఆక్రమించింది ఈ ఖాళీ జాగానే.

కోనసీమలోని ఆత్రేయపురాన్ని తీసుకుందాం. అక్కడి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్లో ఒక ఇంటివాళ్లు పూతరేకులు చుట్టి అమ్ముతూ చిన్న సైట్ పెట్టారనుకుందాం. సాధారణంగా ఆ సైట్‌లో ఏముంటుంది? ‘అత్యుత్తమ నాణ్యత, నోరూరించే రుచి, కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం.’ ఈ మాటలు చెప్పుల దుకాణానికీ సరిపోతాయి. ఫోనులో వాళ్లను రోజూ అడిగేవి వేరు. బెల్లంవి ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి, పంచదారవి ఎన్నాళ్లు? నెయ్యి ఏది వాడతారు? కొరియర్‌లో రేకు విరిగిపోదా? డల్లాస్‌లో ఉన్న కూతురికి పంపాలంటే ఎలా? పెళ్లికి వెయ్యి కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఫోనులో నోటితో చెబుతున్న ఈ జవాబులన్నీ రాసిపెడితే అవే పేజీలు. ఖర్చు లేదు. శ్రమ మాత్రం ఉంది. ఉచితం అన్న మాటకు ఈ రంగంలో ఉన్న అర్థం అంతవరకే.

జవాబు మంచిదైతే చాలా అంటే చాలదు. ఒకే ప్రశ్నకు పదిమంది జవాబు రాసినప్పుడు ఎవరిది నమ్మాలన్న చిక్కు వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు 1996 ప్రాంతంలో ఈ చిక్కు విప్పడానికి గ్రంథాలయ శాస్త్రంలోని ఒక పాత ఆలోచనను వాడుకున్నారు. ఒక పరిశోధన పత్రాన్ని ఎన్ని పత్రాలు ఉదహరించాయో చూస్తే దాని విలువ తెలుస్తుందన్నది ఆ ఆలోచన. యూజీన్ గార్ఫీల్డ్ 1960లలోనే శాస్త్ర పత్రాలకు అలాంటి సూచిక తయారుచేసి ఉన్నాడు. పేజ్, బ్రిన్‌లు ఉదహరింపుల బదులు లింకులను లెక్కపెట్టారు. అయితే ఊరికే లెక్కపెట్టలేదు.

వెబ్‌లో లింకు మీద లింకు నొక్కుకుంటూ పోయే ఒక దేశదిమ్మరిని ఊహించుకోమన్నారు. ఏ పేజీలో ఉంటే అందులోని లింకుల్లో ఏదో ఒకటి గుడ్డిగా నొక్కుతాడు. నూటికి 85 సార్లు అలా పోతాడు. మిగతా 15 సార్లు విసుగొచ్చి ఎక్కడో సంబంధం లేని పేజీలోకి దూకేస్తాడు. ఇలా ఎడతెగకుండా తిరిగితే ఏ పేజీలో ఎంతసేపు గడుపుతాడన్నదే ఆ పేజీ విలువ. లారీ పేజ్ ఇంటిపేరుతో దానికి ‘పేజ్‌ర్యాంక్’ అని పేరు స్థిరపడింది. ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి. పేరున్న పేజీ నుంచి వచ్చే ఒక్క లింకు, ఎవరూ చూడని వంద పేజీల లింకుల కన్నా బరువు. వంద లింకులున్న పేజీ తన విలువను వంద వాటాలు చేసి పంచుతుంది కాబట్టి ఒక్కొక్కరికి దక్కేది కొంచెమే. 1998లో వాళ్లు ప్రచురించిన పత్రం నాటికి ఆ ప్రయోగం 2.4 కోట్ల పేజీల మీద నడిచింది. ఇప్పుడు గూగుల్ లెక్కలో పేజ్‌ర్యాంక్ ఎన్నో కొలతల్లో ఒకటి మాత్రమే. కానీ ఇతరుల సాక్ష్యానికి విలువ పోలేదు.

సాక్ష్యానికి విలువ ఉందనగానే దొంగసాక్ష్యం పుట్టుకొచ్చింది.

2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక కథనం వేసింది. అంతకుముందు కొన్ని నెలలపాటు అమెరికాలో గౌన్లు అని వెతికినా, దుప్పట్లు అని వెతికినా, తివాచీలు అని వెతికినా మొదట కనిపించేది జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థే. చివరికి శాంసొనైట్ వాళ్ల సూట్‌కేసు పేరు కొట్టినా శాంసొనైట్ సొంత సైట్ కన్నా పైన పెన్నీయే వచ్చేది. పత్రిక పురమాయించిన నిపుణుడు కూపీ లాగితే, బట్టలకూ దుప్పట్లకూ ఏ సంబంధమూ లేని వందల సైట్లలో పెన్నీకి వేల లింకులు అతికించి ఉన్నాయి. తమకు తెలియదని సంస్థ అంది. గూగుల్ చేత్తో దిద్దుబాటు చేసింది. ఆ సూట్‌కేసు వెతుకులాటలో సాయంత్రం ఏడింటికి మొదటి స్థానంలో ఉన్న పెన్నీ, రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది.

అదే నెలలో గూగుల్ ‘పాండా’ అనే మార్పు తెచ్చింది. ఆ పేరు జంతువుది కాదు, నవనీత్ పాండా అనే ఇంజినీరుది. పస లేని పేజీలను కుప్పలుగా రాయించి అమ్ముకునే సైట్లను కిందికి నెట్టడం దాని పని. అమెరికాలో 11.8 శాతం వెతుకులాటల ఫలితాలు ఆ ఒక్క మార్పుతో తారుమారయ్యాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ‘పెంగ్విన్’ వచ్చి కొన్న లింకుల మీద పడింది. ఈ చరిత్ర ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. ‘వెయ్యి రూపాయలకు అయిదు వందల లింకులు’, ‘వారంలో గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ’ అంటూ చిన్న వ్యాపారుల ఈమెయిళ్లకు ఇప్పటికీ వస్తున్న బేరాలు పదేళ్ల కిందటే శిక్ష పడ్డ సరుకు. పేజీ లోపల ఒక ట్యాగులో కంటికి కనబడకుండా ‘కీవర్డులు’, అంటే జనం వెతికే మాటలు, దట్టించడం ఇంకా పాతది. ఆ కీవర్డుల ట్యాగును తాము చూడమని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పేసింది. అయినా దాన్ని అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు.

మరి న్యాయమైన లింకులు ఎక్కడి నుంచి వస్తాయి? సరుకు ఇచ్చే కంపెనీ తన సైట్‌లో డీలర్ల జాబితా పెడుతుంది, అందులో మన సైట్ చిరునామా ఉందో లేదో ఒక ఫోను చేసి కనుక్కోవచ్చు. వర్తక సంఘానికి సైట్ ఉంటుంది. జిల్లా పేజీకి వార్తలు రాసే విలేకరికి మంచి కథ ఎప్పుడూ కావాలి. వీటన్నిటికన్నా గట్టిది, ఇతరులకు పనికొచ్చే పేజీ. కొండపల్లి బొమ్మను తెల్లపొణికి కర్రతో ఎలా చెక్కుతారో, ముక్కలను ఎలా అతుకుతారో, రంగులు ఎలా వేస్తారో పది ఫొటోలతో ఒక దుకాణం వివరంగా రాసిందనుకోండి. పాఠం తయారుచేసుకునే ఉపాధ్యాయుడు దానికి లింకు ఇస్తాడు, యాత్రా వ్యాసం రాసే మనిషి ఇస్తాడు. ‘మా దగ్గర కొనండి’ అన్న పేజీకి ఎవరూ లింకు ఇవ్వరు.

ఇంతవరకు చెప్పింది ప్రపంచమంతా వెతికే విషయం. మంగలి షాపుకు, టిఫిన్ హోటల్‌కు, పళ్ల డాక్టరుకు ప్రపంచంతో పనిలేదు. వాళ్లకు కావలసింది మూడు కిలోమీటర్ల లోపలి మనుషులు. వీళ్లకు వెబ్‌సైట్ కన్నా ముందు గూగుల్ మ్యాప్స్‌లో చోటు కావాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అనే ఆ ఖాతాకు పైసా కట్టనక్కర్లేదు. 2021 దాకా దాన్ని ‘గూగుల్ మై బిజినెస్’ అనేవారు. అక్కడి వరస క్రమానికి మూడు కొలతలు చూస్తామని గూగుల్ చెబుతుంది: అడిగినదానికి దుకాణం ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరాన్ని మనం మార్చలేం. మిగతా రెండూ చేతిలో పనే. వ్యాపారం రకాన్ని ‘రెస్టారెంట్’ అని వదిలేయకుండా ఇంకా నిర్దిష్టంగా ఎంచుకోవడం, పండగ రోజు సెలవైతే వేళలు దిద్దడం, బోర్డు మీది పేరూ ఫోను నంబరూ సైట్‌లోనూ మ్యాప్‌లోనూ ఒకేలా ఉంచడం వంటివి. సంక్రాంతి నాడు ‘తెరిచి ఉంది’ అని చూసి వచ్చి తాళం చూసుకుని వెళ్లినవాడు ఒక్క నక్షత్రం ఇచ్చి పోతాడు.

ఆ నక్షత్రాల విలువ ఎంతో లెక్కకట్టినవాడు అప్పట్లో హార్వర్డ్‌లో ఉన్న ఆర్థికవేత్త మైకేల్ లూకా. సియాటిల్ నగరంలోని రెస్టారెంట్ల ఆదాయ వివరాలనూ, యెల్ప్ అనే సైట్‌లో వాటికి వచ్చిన నక్షత్రాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. 2011లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం ఒక నక్షత్రం పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. ఆసక్తికరమైన భాగం దాని వెనక ఉంది. ఈ ప్రభావమంతా సొంతంగా నడిచే హోటళ్ల మీదే కనిపించింది, ఊరూరా శాఖలున్న గొలుసు హోటళ్ల మీద కాదు. గొలుసు హోటల్లో ఏం దొరుకుతుందో జనానికి ముందే తెలుసు. తెలియని చిన్న హోటల్ విషయంలోనే పక్కవాడి మాట అవసరమవుతుంది. కాబట్టి తిన్నవాణ్ణి మొహమాటం లేకుండా రివ్యూ రాయమని అడగడం వల్ల పెద్దవాళ్లకన్నా చిన్నవాళ్లకే లాభం. బావమరిది చేత, బావమరిది స్నేహితుల చేత రాయించడం వేరే సంగతి. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ ఎలా ఉండాలో చెబుతూ మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది.

తెలుగు సైట్లకు వీటికి తోడు ప్రత్యేకమైన చిక్కులు మూడున్నాయి. వాటి గురించి ఇంగ్లీషు మార్కెటింగ్ పుస్తకాలు చెప్పవు.

మొదటిది అక్షరాలది. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడి సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో, 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం నడిచినవి ‘అను’ వంటి పాత ఫాంట్లు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చి పెట్టుకున్నవి. కాగితం మీద అచ్చు వేస్తే అందమైన తెలుగు. అదే మేటర్ కాపీ చేసి సైట్‌లో పెడితే క్రాలర్‌కు కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. దీన్ని తప్పించుకోవడానికి చాలామంది కరపత్రాన్నే ఫొటోగా మార్చి సైట్‌లో అతికిస్తారు. మెనూ ఫొటో, ధరల పట్టిక ఫొటో, ఆఖరికి చిరునామా కూడా ఫొటో. మనిషి చదవగలడు. ఫొటోలోని అక్షరాలను సెర్చ్ ఇంజిన్ మామూలు పాఠంలా పట్టికలోకి ఎక్కిస్తుందన్న భరోసా లేదు. యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయడం ఒక పూట పని. ఉచిత మార్గాలన్నిటిలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదేమో.

రెండోది విభక్తులది. ఒకే మాట రూపాలన్నిటినీ యంత్రం ఒకటిగా గుర్తించేలా ఇంగ్లీషు పదాల తోకలు కత్తిరించే సూత్రాలను మార్టిన్ పోర్టర్ 1980లో కొద్ది పేజీల్లో రాసేశాడు. తెలుగులో చీర, చీరలు, చీరకు, చీరల్లో, చీరలంటే, చీరలేనా అంటూ ఒక్క మాటకు పట్టే తోకలకు అంతు లేదు. యంత్రాలు ఇప్పుడు చాలావరకు నేర్చుకున్నాయి గానీ తెలుగులో వాటికి దొరికే పాఠం ఇంగ్లీషుతో పోలిస్తే తక్కువ. అందుకని ముఖ్యమైన మాట శీర్షికలో తోక లేకుండా ఒకసారైనా రావడం మంచిది. మూడోది రోమన్ లిపిది. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు, అదీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా. పూతరేకులు అన్న మాటలో ‘పూ’కి ఒకరు రెండు ‘ఓ’లు పెడతారు, ఒకరు ఒక ‘యు’తో సరిపెడతారు. ‘త’కి ఒకరు ‘హెచ్’ చేరుస్తారు, ఇంకొకరు చేర్చరు. సైట్‌లో తెలుగు పేరుతోపాటు బాగా వాడుకలో ఉన్న ఒకటి రెండు రోమన్ రూపాలు కూడా సహజంగా కనబడాలి. తెలుగు మాట్లాడగలిగినా చదవలేని రెండో తరం పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. పండక్కి మిఠాయిలు, పచ్చళ్లు తెప్పించుకునేవాళ్లలో వాళ్లూ ఉంటారు.

సైట్ తెరుచుకునే వేగం గురించి కాస్త చెప్పుకుంటే చాలు. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్ల లోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన గీత. గూగుల్ ఇప్పుడు సైట్లను ఫోనులో కనిపించే రూపంలోనే చదువుతుంది. కెమెరా నుంచి దించిన ఫొటోలను చిన్నవి చేయకుండా పెట్టడమే చిన్న సైట్లు నత్తనడక నడవడానికి మామూలు కారణం.

సెర్చ్ ఇంజిన్ ఒక్కటే దారి కాదు. 1996 జూలైలో సబీర్ భాటియా, జాక్ స్మిత్‌లు హాట్‌మెయిల్ మొదలుపెట్టినప్పుడు పంపే ప్రతి ఉత్తరం అడుగున ఉచిత ఈమెయిల్ ఇక్కడ దొరుకుతుందని ఒక్క వాక్యం, ఒక లింకు చేర్చారు. వాడిన ప్రతివాడూ తెలియకుండానే ప్రచారకర్త అయ్యాడు. మరుసటి ఏడాది చివర మైక్రోసాఫ్ట్ కొనేనాటికి ఖాతాదారులు 85 లక్షలు దాటారు. ఆ కిటుకు పాతబడలేదు. బిల్లు మీద, కొరియర్ డబ్బా మీద, ఈమెయిల్ సంతకం కింద సైట్ చిరునామా అచ్చు వేయడానికి అదనపు ఖర్చేమీ లేదు.

మన దగ్గర హాట్‌మెయిల్ ఉత్తరం చేసిన పని వాట్సాప్ చేస్తోంది. చిన్న దుకాణాల కోసం వాట్సాప్ బిజినెస్ యాప్ 2018 జనవరిలో ఉచితంగా వచ్చింది. అందులో సరుకుల కేటలాగు పెట్టుకోవచ్చు, ప్రతి వస్తువు పక్కనా సైట్ లింకు ఇవ్వవచ్చు. ఎవరైనా లింకు పంపినప్పుడు దానితోపాటు చిన్న బొమ్మ, శీర్షిక కనిపిస్తాయి గదా, అవి ఆ పేజీలో దాచి రాసిన కొన్ని ట్యాగుల నుంచి వస్తాయి. ఫేస్‌బుక్ 2010లో తెచ్చిన ‘ఓపెన్ గ్రాఫ్’ పద్ధతి అది. ఆ ట్యాగులు లేని పేజీ లింకు బోడిగా, అనుమానం పుట్టించేలా కనిపిస్తుంది. మోసపు లింకుల కాలంలో కుటుంబం గ్రూపులో అలాంటిదాన్ని ఎవరు నొక్కుతారు?

వాట్సాప్ గిరాకీకి ఒక చిక్కుంది. ఎక్కడి నుంచి వచ్చారో లెక్కకు అందదు. ఇలా ప్రైవేటు సందేశాల ద్వారా చేతులు మారే లింకులకు అట్లాంటిక్ పత్రికలో రాసే అలెక్సిస్ మాడ్రిగల్ 2012లో ‘డార్క్ సోషల్’ అని పేరు పెట్టాడు. సందర్శకుల లెక్క చెప్పే సాధనాలు వీళ్లను ‘నేరుగా వచ్చినవాళ్లు’ అనే గంపలో వేసేస్తాయి. దీనికి విరుగుడు లింకు చివర తగిలించే ‘యూటీఎం’ గుర్తు. ఆ మొదటి అక్షరం అర్చిన్ అనే కంపెనీది. 2005లో గూగుల్ కొనేసి అనలిటిక్స్‌గా మార్చింది దాన్నే. వాట్సాప్‌లో పంపే లింకుకు ఒక గుర్తు, కరపత్రం మీది క్యూఆర్ కోడ్‌కు మరో గుర్తు పెడితే ఏ దారిన ఎందరొచ్చారో విడివిడిగా కనిపిస్తుంది. ఉచితంగా చేసే పనుల్లో దేన్ని మానేయాలో తెలియడానికి ఇదొక మంచి మార్గం. డబ్బు ఖర్చు కాకపోయినా సాయంత్రాలు ఖర్చవుతాయి.

ఈ మొత్తం ఏర్పాటు ఇప్పుడు మళ్లీ కదులుతోంది. ప్రశ్న అడగగానే సైట్ల జాబితాకు పైన కృత్రిమ మేధ రాసిన జవాబు చూపే పద్ధతిని గూగుల్ 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో మొదలుపెట్టింది. ప్యూ పరిశోధన సంస్థ 2025 మార్చిలో 900 మంది అమెరికన్ల వెతుకులాటలను గమనించింది. అలాంటి జవాబు కనిపించినప్పుడు మామూలు ఫలితాల్లోని లింకు నొక్కినది 8 శాతం సార్లు, కనిపించనప్పుడు 15 శాతం సార్లు. జవాబు పైనే దొరికితే కింద ఉన్న దుకాణం తలుపు ఎందుకు తడతారు? జరీ నల్లబడితే ఏం చేయాలో రాసిన పేజీని యంత్రం చదివి, నాలుగు వాక్యాల్లో చెప్పేసి, మనిషిని అక్కడే నిలిపేయగలదు. షెరిడన్ పద్ధతికి ఇది నిజమైన దెబ్బ, కాదనడానికి లేదు.

దెబ్బ అన్ని పేజీలకూ ఒకేలా తగలదు. ఈ వారం ఏ రంగు చీరలున్నాయి, ఆదివారం డాక్టరు ఉంటారా, ఇరవై మందికి గారెలూ పులిహోరా ఎంతకు చేసిస్తారు వంటి ప్రశ్నలకు సారాంశం సరిపోదు. కొనేవాడు దుకాణం దాకా రావాల్సిందే. రోజువారీ మారే వివరాలు, సొంత ఫొటోలు, బుకింగు, ఆర్డరు పెట్టే వీలు ఉన్న పేజీలకు దారి ఇంకా తెరిచే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లకు సెర్చ్ కన్సోల్‌లో గత 16 నెలల లెక్క ఉంటుంది. ఏ ప్రశ్నకు సైట్ ఎన్నో స్థానంలో కనిపించిందో, ఎందరు నొక్కారో వరుసగా చూపిస్తుంది. అందులో 11 నుంచి 20 లోపు స్థానాల్లో ఉన్న ప్రశ్నలను వడకట్టి చూడాలి. అంటే మొదటి పేజీకి ఒక్క మెట్టు కింద ఆగిపోయినవి. కొత్త పేజీ రాయడం కన్నా వాటికి ఉన్న జవాబులో లోటేమిటో చూసి పూరించడం తేలిక. ధర రాయలేదేమో, ఫొటో లేదేమో, వేరే పేజీ నుంచి లింకు ఇవ్వలేదేమో. నెలకోసారి ఒక గంట కూర్చుంటే అయ్యే పని ఇది.